నీళ్ళను నీళ్ళే తోడిన చోటు

ఇక్కడ గడ్డి మొలవదు.
సీసం తిన్న నేల, నూట నలభై ఏళ్ళుగా
అదే బూడిద రంగు పట్టుకుని కూర్చుంది.
వానకి మాత్రం లోటు లేదు. వేల్స్ కొండల్లో
వాన పడని రోజుని మేం అనుమానంగా చూస్తాం.

చక్రం ఉండిన గోతిలో ఇప్పుడు ఫెర్న్ మొక్కలు.
యాభై అడుగుల చక్రం.
పక్కరాతి మీద దాని అంచు గీసిన వంపు ఇంకా ఉంది,
కుర్చీ వీపు ఆన్చి ఆన్చి గోడకి పడ్డ గీతలా.

మూడు మైళ్ళ అవతలి మడుగు నుంచి
కొండ నడుముకి మొలతాడులా చుట్టి తెచ్చిన కాలువ
ఆ చక్రాన్ని తిప్పేది. చక్రం ఇనుప కడ్డీల్ని
ముందుకీ వెనక్కీ ఊపేది. కడ్డీలు
ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని
అరమైలు ఎగువకు పాకి, గని నోట్లో దిగి,
అడుగున ఊరే నీళ్ళను ఎత్తి బయట పోసేవి.
పైనీళ్ళు కిందినీళ్ళను తోడడం.

కాలువ ఎండిన ఏడు గని మునిగేది.
మేస్త్రీ ట్రెమేన్ తాడుకి రాయి కట్టి
లోపల పెరిగే నీళ్ళను కొలిచేవాడట.
పైన ఆకాశం నీలంగా, శుభ్రంగా ఉండేదట.
మోర్విద్ అవ్వ ఈ మాట చెప్తే నవ్వేదాన్ని:
వాన లేక మునిగిపోవడమేంటవ్వా!

ఇది వాళ్ళు పడుకున్న బారక్సు.
ఆదివారం రాత్రి, వారానికి సరిపడా రొట్టె
భుజాన వేసుకుని నడిచొచ్చేవాళ్ళు.
పగటి షిఫ్టువాడు లేచి వదిలిన వెచ్చదనంలో
రాత్రి షిఫ్టువాడు ఒరిగేవాడు.
చొక్కాలు ఎప్పటికీ ఆరేవి కావు.

దిగువన ఆడవాళ్ళు సుత్తులతో
రాతిలోంచి మెరుపుని విడదీసేవారు.
వాళ్ళలో ఒక్క లెయ్‌కీ పేరే నాకు పద్దుల్లో దొరికింది,
అదీ ఆమె కన్ను పోయిన తారీఖున.

పద్దుపుస్తకం మొత్తం ఇంగ్లీషు.
కొవ్వొత్తులు, కోత. తాడు, కోత.
మందుగుండు, అదీ కోతే.
ఇథెల్ అన్న పేరుకెదురుగా అడ్డగీతా నిలువుగీతా.
మా అవ్వ తండ్రి. వెల్ష్‌లో బైబిలు గడగడా చదివి
ఊరంతటికీ బోధ చేసిన మనిషి
ఆ పుస్తకం ముందు నిశానీ.

నిన్న గొర్రె ఒకటి కనపడక
వెతుకుతూ సొరంగంలోకి వెళ్ళాను.
మోకాలి లోతు తుప్పురంగు బురద.
మెగ్ గుమ్మం దాటి రానంది. కుక్క తెలివి కుక్కది.
వంద అడుగుల లోపల, టార్చి వెలుగులో,
గోడకంటిన బంకమట్టి ముద్ద.
కొవ్వొత్తి నిలబెట్టుకోడానికి ఎవరో నొక్కింది.
అందులో బొటనవేలు. గీత గీతా ఉంది.
అడ్డంగా పాత గాటొకటి.

ఇథెల్‌దని చెప్పను. ఎందరో చేశారు అక్కడ.
నా వేలు అందులో పెట్టబోయి
ఆపేశాను.
మట్టి ఇంకా మెత్తగానే ఉంది.

గొర్రె దొరకలేదు.
చీకటి పడ్డాక తనే వచ్చింది, మూతి తడిగా.
ఏ నీళ్ళు తాగిందో.