మౌత్‌పీసులు తుడిచేవాడు

సస్కచెవాన్‌లో గోధుమ కోతలు ఇంకా తెమలని వారం.
హాల్వెగ్ ఊరి బడి జిమ్ములో
బాస్కెట్‌బాల్ గీతల మీద పొడుగు బల్లలు వేసి
వ్యానులోంచి దించిన పెట్టెలన్నీ తెరిచి పెడతాను.
లోపల మాసిన ఎర్ర మఖమలు,
వాల్వు నూనె వాసన,
ఒకదాంట్లో పోయినేడాది ఎవరో దాచుకున్న చూయింగ్ గమ్ము.

ముప్పై ఒకటో సెప్టెంబరు నాకిది.
పని చిన్నదే.
ఒక పిల్ల ఊదుతుంది, తుడుస్తాను.
ఒక పిల్లాడు ఊదుతాడు, మళ్ళీ తుడుస్తాను.
సాయంత్రానికి స్పిరిట్ తగిలి తగిలి
వేళ్ళ కొసలు ఎండుద్రాక్షలవుతాయి.

పంతులమ్మ ఫ్రీసెన్
సంతలో పశువు పళ్ళు చూసినట్టు
వరసగా నోళ్ళు తెరిపించి చూస్తుంది.
పెదవి పల్చన, నీకు ఫ్లూటు.
ముందు పన్ను ఊడింది, కొంచెం ఆగు.
చెయ్యి పొడుగు, ట్రాంబోన్ అందుతుందేమో చూద్దాం.
పద్దెనిమిది మందికి డ్రమ్ములే కావాలి.
ఉన్నవి రెండు.

టోబిన్ అనే వాడు శాక్సఫోన్‌ని చూసిన చూపు
ఆకలి మీదున్న వాడు రొట్టెను చూసిన చూపు.
వాళ్ళమ్మ అద్దె కాగితం రెండుసార్లు చదివింది.
నిలువునా మడిచింది, అడ్డంగా మడిచింది,
కోటు జేబులో పెట్టుకుంది.
"అయినా ఇది మెడకి బరువమ్మా," అన్నాడు వాడు, వెంటనే.
స్వరాల కన్నా ముందు
మడతలు చదవడం నేర్చుకుంటారు పిల్లలు.
నేను ఆ శాక్సఫోన్‌ని అవసరానికి మించి తుడిచాను.

ఇక జెనోవియా హ్రీనుక్.
పదకొండేళ్ళకే తలుపంత పొడుగు.
ఆ పొడుగుకి క్షమాపణ చెబుతున్నట్టు
భుజాలు ముందుకి వంచి నడుస్తుంది.
ఫ్లూటు ఊదితే
తలుపు సందులో చలిగాలి తప్ప ఏమీ రాలేదు.
క్లారినెట్ బాతులా అరిచింది.
ట్రంపెట్ అసలు పలకనే లేదు.
వెనక వరసలో కిసుక్కుమన్నారు.

బల్ల చివర, బడిదే, అద్దె లేనిది,
ఒళ్ళంతా సొట్టలతో ఒక యుఫోనియం.
దాన్ని ఎవరూ ఎంచుకోరు.
చివరికి మిగిలినవాళ్ళకి మిగిలేది అది.
పక్కింటివాళ్ళ బొద్దు పాపాయిని ఎత్తుకున్నట్టు
ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, ఎక్కడ పట్టుకోవాలో తెలియక.
"పెదాలు బిగించి, తేనెటీగలా," అన్నాను.

మొదట తుపుక్కుమంది.
తర్వాత,
అర్ధరాత్రి ధాన్యం బళ్ళు లాక్కుంటూ
ఊరి అవతల గూడ్సు రైలు వెళ్తుంది చూడండి,
ఆ కూత.
జిమ్ము మొత్తం నవ్వింది. జెనోవియా కూడా నవ్వబోయింది,
పెదాలు సాగి స్వరం తెగిపోయింది.
అప్పుడు వినబడింది అందరికీ:
అటు గోడ పక్కన, ఎవరూ ముట్టని సైడ్ డ్రమ్ము,
కింది తీగలు వాటంతటవే
జర్రుమంటూ ఇంకా వణుకుతున్నాయి.

"అది నేనేనా?" అంది.
"నువ్వే."
"అంత దూరం నుంచా?"
ఆమె నా చేతిలో గుడ్డ వైపు చూసి మౌత్‌పీసు చాచింది.
అక్కర్లేదన్నాను.
మళ్ళీ ఊదబోయేది ఆ నోరే కదా.

గొప్పలు పోను. సగం మంది ఈస్టరు నాటికి మానేస్తారు.
ఈమె కూడా మానొచ్చు.
వాళ్ళ కచేరీలు నేనెప్పుడూ వినలేదు,
జూన్‌లో కొత్త సొట్టలు మాత్రం లెక్కపెట్టుకుంటాను.
నాకు ఏ వాద్యమూ రాదు.
ఒక్కోదాంట్లో ఒక్కో స్వరం వచ్చు,
పని చేస్తోందో లేదో తెలియడానికి సరిపడా.

చీకటి పడ్డాక మట్టిరోడ్డు మీద
గతుకు తగిలినప్పుడల్లా
వెనకాల ఆ డ్రమ్ము జర్రుమంటోంది.
ముప్పై కిలోమీటర్లు వచ్చాక గుర్తొచ్చింది,
స్పిరిట్ సీసా అక్కడే మరిచిపోయానని.
టోబిన్ ఏం తీసుకున్నాడో
అడగడం కూడా.