మూవ్ నొక్కే ముందు

కాస్త్రోలో వాన ఆగదు, రొసమేల్.
కరెంటు ఆగుతుంది.
పది నిమిషాలకోసారి సేవ్ నొక్కు.

యూనిట్లు చూసుకో ముందు.
మిల్లీమీటర్లనుకుని నిన్న నువ్వు గీసిన వంటగది
అంగుళాల్లో ఇరవై అయిదింతలై
రేవు దాటి చర్చి మీద కూర్చుంది.

గోడలకో లేయర్, పైపులకో లేయర్.
అన్నీ ఒకే గంపలో పోస్తే
నూకలూ తవుడూ ఏరుకుంటూ తెల్లారుతుంది.

స్నాప్ వేసుకో.
కలిసిందనుకున్న మూల, జూమ్ చేస్తే
వెంట్రుకవాసి నోరు తెరుచుకునే ఉంటుంది.
ఉత్తరపు గాలికి అది చాలు.

తలుపు పెట్టావు సరే,
తెరుచుకునే వంపు గీశావా?
పొయ్యికి కొట్టుకుంటోంది చూడు.

"నలభై ఏళ్ళు సుద్దతాడుతోనే కట్టాను" అన్నావు.
అందుకే కొలతలు నిన్నే తెమ్మన్నాను.
కర్ణాలు రెండూ కొలువు,
పాత గదిలో ఏ మూలా తొంభై ఉండదు.

ఇక మూవ్.
ఎక్కడ పట్టుకోవాలో చూపించనిదే
గీత కూడా కదలదు.

నువ్వు మౌస్ వదిలేసి చెప్పావు:
మీ నాన్న ఇంటిని కొండ దించిన రోజు
ఇరవై జతల ఎద్దులు, కింద దుంగలు,
తాడు ఎక్కడ కట్టాలో మధ్యాహ్నం దాకా పోట్లాట.
మీ అమ్మ మాత్రం లోపలే ఉండి
పొయ్యి మీది కుండ దించలేదట.

ఇక్కడ అండూ ఉంది, రొసమేల్.
భయం లేదు.
ఆ కుండ ఎక్కడుండేదో గుర్తుందా?

అక్కడ క్లిక్ చెయ్యి.