ఎడమ బొటనేలు

పొద్దుగాల నాలుగున్నరకు సజ్జా క్యాంపు గేటు కాడ
హాజరు మిషిను నన్ను గుర్తుపడతలేదు.
'మళ్ళీ పెట్టు' అంటది ఎర్రలైటు.
ఏం పెట్టాలె దానికి?

పన్నెండో అంతస్తుకు సలాకలు కోస్తున్నం.
కోసే మిషిను మూతికి జాలి ఒకటి ఉండాలె.
పని జల్ది కావాలని ఎవడో ఇప్పి గోడకు ఆనిచ్చిండు.
జాలి లేని మిషిను అని నేనంటే
మావోళ్ళు నవ్విన్రు,
లింబాద్రి కవిత్వం జెప్తుండని.

నెత్తురు జూస్తె ఎవని నోరు వాని భాషల ఒర్లుతది.
నేను 'అవ్వా' అన్న.
కుల్ బహదూర్ 'ఆమా' అన్నడు, ఏలు నాదైనా.
లబన్ సీసా కోసి, మంచునీళ్ళు పోసి, అండ్ల ఏసి
చాతికి అదుముకొని అంబులెన్సుల కూసున్నడు
చంటిపిల్లను దవఖానకు తీస్కపోతున్నట్టు.
డాక్టరమ్మ తల అడ్డం ఊపింది.
ఆ సీసా ఏమైందో ఇద్దరికీ తెల్వది.
రేపు వీసా ఖతమై నేను పోతె పోత గని
ఈ దేశంల ఉండిపోయేటియి ఆ రెండించులే.

అటెన్క లైట్ డ్యూటీ. అంటే ఇంజినీర్ల చాయ కప్పులు కడుగుడు.
మూడో నెలల కంపెనీ మందూబు వచ్చిండు.
ఆపిల్ పండ్లు తెచ్చిండు, టికెట్టు తెచ్చిండు,
అరబ్బీల ఒక కాయితం తెచ్చిండు.
'సంతకం రాకుంటే ఏలిముద్ర చాలు' అన్నడు.
అని, నా చెయ్యి జూసి,
'ఎడమది' అన్నడు.

రోలాల టైపింగు దుకాణం ముక్తార్ భాయిది, మా జగిత్యాలాయన.
అద్దాలు పైకి లేపి చదివిండు:
'రావాల్సిందంతా ముట్టింది. తప్పు నాదే. ఇంక ఏమీ అడగను.
ఇది నువ్వు జెప్పిన మాటనట, లింబాద్రీ.'
ఇంత సక్కటి అరబ్బీ నాకొస్తదని
నాకే తెల్వదు భాయ్ అన్న.

'తావీద్ అడుగు' అన్నడు.
తాయెత్తు అని ఇనవడి దండచెయ్యి జాపిన.
ఆయన నవ్వలే.
'పరిహారం. వాళ్ళు ఇచ్చేది గాదు, నీకు వచ్చేది.'
మా భీమ్‌గల్ దిక్కు పరిహారమంటే
పిడుగుకు, పాముకు
ఫోటో దిగి తీసుకునేదే ఎరుక.

ఆ రాత్రి సాయవ్వకు నిజం జెప్పిన.
అప్పటిదాంక 'గీసుకున్నది' అనే జెప్పిన.
ఏడ్వలే.
చాట పక్కకు జరిపిన సప్పుడు. కత్తెర కింద పెట్టిన సప్పుడు.
ఇరవై రెండేండ్లాయె ఆమె బీడీలు జేయవట్టి.
'బొటనేలు లేకుంటే ఆకు తిరగది' అన్నది.
'దారం పడది.
ఎన్నో వంతు పోయిందని రాసిన్రు డాక్టర్లు?'
శాతం జెప్పిన.
'చెయ్యి జూసి రాసిన్రా, పని జూసి రాసిన్రా?'

ఆ మాటను ముక్తార్ భాయి ఉన్నదున్నట్టు అరబ్బీల దింపిండు.
నా కేసు కాయితంల అది మూడో వరుస.
కింద ఖాళీ గడి.
ఎడమ బొటనేలుకు ఇంకా గుండీ పెట్టుడు రాదు,
బువ్వ కలుపుడు రాదు.
ఇంకుల ముంచి అదిమిన.
కొంచెం జరిగింది, అలుక్కుపోయింది.
'చెల్తదా?'
'చెల్తది. సాక్షి ఉన్నడా?'

సాక్షి అంటే కుల్ బహదూర్.
ఆయన వీసా అదే కంపెనీది.
ఇద్దరు ఆడపిల్లలు, ఇల్లు భూకంపానికి పోయింది, సగమే లేచింది.
అడుగుదామని రెండుసార్లు పోయి
ఉప్పు అడిగి వచ్చిన.

పదకొండు గంటలకు ఫోను మోగింది.
పై మంచం మీంచే పంపిండు, మాట లేదు, ఫోటో ఒక్కటే.
తారీఖు ఉన్నది, ప్రమాదానికి వారం ముందటిది.
గోడకు ఆనిచ్చిన జాలి.
దాని మీద ఎవరిదో తువ్వాల, ఆరేసి.

పెద్దగ చేసి చూసిన.
పచ్చ అంచు.
తువ్వాల నాది.