అడుగుడు

ఇరవై రెండేండ్లు సంఘం సెక్రటరీని.
దేవరకొండ డిపోల కండక్టరు చేసినోన్ని గద,
చర్చిని గూడ బస్సు లెక్కనే నడిపిన.
గంట నేనే కొట్టాలె, లెక్క నేనే రాయాలె,
ఆఖరికి తలుపు గూడ నేనే ఎయ్యాలె.
పాస్టరయ్యకు నాలుగూర్లు,
మా ఊరికి నెలకు రెండాదివారాలే.
తక్కిన రెండు
నావే.

ఈ యేడు మోకాళ్లు మొరాయించినయ్.
మా దిక్కు నీళ్లు తాగిన ఎముకలు
అరవై దాటినంక మాట వినయ్.
మెట్లు మూడే.
మూడో మెట్టు కాడ తాళంచెవి చేతుల ఉంటది,
కాలు లేవది.

అందుకే ప్రకటన చదివిన:
"పాటలకొకరు, బాలల బడికొకరు,
కానుక లెక్కకొకరు,
ముసలోళ్లను తోలుకరానీకి ఒకరు.
సేవ చేసే మనసున్నోళ్లు ఆరాధన అయినంక పేరియ్యాలె."
మొదటి వారం ఎవ్వరు రాలే.
రెండో వారం జెకర్యా వచ్చిండు,
ఫ్యాను రెగ్యులేటరు పోయిందని చెప్పనీకి.
మూడో వారం నాకు కోపమొచ్చింది.
"పెండ్లి బంతికైతే ముందు కూసుంటరు,
ఇస్తరాకులు ఎత్తనీకి ఒక్కడుండడు" అన్న.

ఎనక చాప మీదికెల్లి కెజియా,
నల్గొండల నర్సింగు చదివే పిల్ల, లేసింది.
"తాతా, మూడు వారాల సంది చదువుతున్నవ్.
ఒక్కరినన్న అడిగినవా?"
అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన.

రాత్రి నిద్ర పట్టలే.
టికెట్ టికెట్ అని నడుమ నిలబడి అరిస్తె
ఎవలు చెయ్యి చాపుతరు?
దగ్గరికి పోయి, ఏ ఊరమ్మా అని అడిగితేనే గద
కొంగు ముడి ఇప్పుతరు.
ముప్పై ఏండ్ల నౌకరి నేర్పిన ముచ్చట
చర్చిల ఎట్ల మర్చిపోయిన?

శనివారం పొద్దూకినంక కట్టె పట్టుకొని బయలెల్లిన.

సంపూర్ణమ్మ బత్తాయి తోట కూలి నుంచొచ్చి
కాళ్లు కడుక్కుంటున్నది.
"కానుక లెక్క నువ్వు చూస్తవా?"
"నాకు సదువు రాదన్నా."
"పొదుపు సంఘంల పన్నెండు మంది కిస్తీలు
నోటికి చెప్తవు గద."
చేతులు కొంగుకు తుడుసుకున్నది, చానసేపు.
"నేను చెప్త, నువ్వు రాయి.
తప్పు రాస్తె మాత్రం ఊకోను."

తీతు ఆటో కడుగుతున్నడు.
ఆదివారం గేటు దాకనే వస్తడు, లోపలికి రాడు.
"ముసలోళ్లను తోలుకొస్తవా?"
"డీజిలెవలిస్తరు?"
"తెల్వది."
"సరే తియ్," అన్నడు.
ఆ సరే దేనికో ఇప్పటికీ నాకు సమజ్ కాలే.

కెజియా అయితే
"అడగమన్న గని, చేస్త అన్నానా?" అని నవ్వి,
"బాలల బడి మూడు నెల్లు. పరీక్షలప్పుడు రాను" అన్నది.
మూడు నెల్లని రాసుకున్న.
పనికి గూడ ఆఖరి స్టేజీ ఉంటదని
నేనెన్నడు రాసుకోలే.

దీనమ్మ తలుపు తీసి కడప మీదనే నిలబడ్డది.
పాటల సంగతి చెప్పిన. మొత్తం ఇన్నది.
"తొమ్మిదేండ్ల కింద ఈస్టరు నాడు
నేను పాట ఎత్తుకుంటె
టైమైపోయిందని సగంల ఆపినవ్. యాదికున్నదా?"
"లేదు."
"నాకున్నది."
చెంబుల నీళ్లిచ్చింది.
పేరియ్యలే.

తెల్లారి నేను పోయేటాలకే గంట మోగుతున్నది.
ఎవలో పోరగాడు, తాళం తప్పి, ఉరికిచ్చి ఉరికిచ్చి
కొడుతున్నడు.
నా చెయ్యి దానంతటదే పైకి లేసింది,
బస్సుల తాడు గుంజనీకి లేసినట్టు.
దించుకున్న.
తీతు ఆటోల ముగ్గురు ముసలమ్మలు దిగిన్రు.
తీతు గేటు కాన్నే ఆగిండు.

కాయితం మీద పాటల కాడ ఖాళీ ఉన్నది.
దీనమ్మ మూడో వరుసల కూసున్నది,
అందరు పాడుతుంటె పెదవి కదపలే.

వచ్చే శనివారం మళ్లొకసారి పోవాలె.
పోయేముందు
అది ఏ పాటనో యాదికి తెచ్చుకోవాలె.