ఏడో గడి

ఫైలు మళ్ళీ వెనక్కొచ్చింది
మూడో అంతస్తు నుంచి, మూడోసారి,
ఆకుపచ్చ సిరాలో ఒక్క వాక్యం మోసుకుని:
"వ్యయానికి సమర్థన సరిపోలేదు."

సూపర్‌వైజర్ సుగుణాకర్ గారు
కాగితం నా బల్ల మీద పెట్టారు.
"పదకొండేళ్ళుగా కాల్స్ ఎత్తుతున్నావు, నువ్వే రాయమ్మా.
ఏడో గడి. నాలుగు లైన్లు దాటొద్దు."

నాలుగు లైన్లు.
నా ముందు స్క్రీన్ మీద హైదరాబాద్ ఉంది.
కాల్ రాగానే దాని మీద ఒక గుండ్రటి మచ్చ పడుతుంది,
టవర్ చుట్టూ, చాటంత.
ఆ మచ్చలో ఆరు బస్తీలు, రెండు నాలాలు,
ఒకే పేరున్న నాలుగు సందులు.
అందులో ఎక్కడో ఒక మనిషి
"జల్దీ రండి" అంటుంటాడు.

ఈ ఊళ్ళో చిరునామా అంటే
ఒకప్పుడు ఉండిన దాని పక్కన.
మూసేసిన టాకీసు వెనక,
కొట్టేసిన వేపచెట్టు ఎదురుగా,
"పాన్‌డబ్బా ఉండేది మేడమ్, ఇప్పుడు లేదు, అక్కడే."

మొన్న జూలై వానలో
రాత్రి రెండు దాటాక ఒక పిలగాడు.
"అమ్మ లేస్తలేదు."
ఏడున్నవ్ బిడ్డా?
"ఇంట్ల."
మీ ఇల్లు ఏడుంది?
కాసేపు ఆలోచించాడు.
"మా ఇల్లు... ఈడనే ఉంది."

మచ్చ చిన్నది కాలేదు.
నా హెడ్‌సెట్‌కి ఎడమ చెవి ఏడాదిగా పనిచెయ్యదు.
కుడి చెవిని అరచేత్తో అదిమిపట్టి అన్నాను:
ఫోను కిటికీ బయట పెట్టు బిడ్డా, జరసేపు.

వాన. రేకుల మీద వాన.
దాని కింద, బాగా కింద, ఒక మోటరు.
మూడు దెబ్బలు, ఒక ఊపిరి.
మూడు దెబ్బలు, ఒక ఊపిరి.

ఉప్పుగూడ ఐసు ఫ్యాక్టరీ.
మా నాయన ఇరవై ఏళ్ళు అందులో గడ్డలు మోసిండు.
ఆ చప్పుడు ఆగితేనే
చిన్నప్పుడు నాకు మెలకువొచ్చేది.

బండి పంపించాను.
ఆమె లేచిందో లేదో తెలియదు.
మాకెవరూ చెప్పరు. "కాల్ ముగిసింది" మీద నొక్కితే
తర్వాతి కాల్.

ఇదంతా ఏడో గడిలో పట్టదు.
పట్టినా మూడో అంతస్తు అడుగుతుంది:
మరైతే పాత పద్ధతి పనిచేసినట్టేగా?

అవును సార్, పనిచేసింది,
మా నాయన కూలికి పోయిన చోటు కాబట్టి.
మరుసటి రాత్రి ఆ కుర్చీలో నస్రీన్.
నస్రీన్ పుట్టి పెరిగింది బోరబండలో.

చివరికి రెండు లైన్లే రాశాను.
"పిల్లవాడికి తన చిరునామా తెలియదు.
మాకు తెలియాలి."

సుగుణాకర్ గారు చదివి,
కళ్ళజోడు తీసి, తుడిచి,
కింద మొత్తం ఎంతో అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి వేశారు.
హెడ్‌సెట్ల ధర కలపడం మర్చిపోయామని
లిఫ్టు దాకా వెళ్ళి తిరిగొచ్చారు.