రెండంటే రెండే మెట్లు

లాడ్జికి ఫోన్ చేసి నేనడిగే మొదటి ప్రశ్న
అద్దె ఎంతని కాదు.
"మెట్లెన్ని?"
అవతల కుర్రాడు కాసేపాగి
"ఎక్కువ లేవండీ, రెండంటే రెండే" అంటాడు.
రోజూ ఎక్కి దిగేవాడు, ఎప్పుడు లెక్కపెట్టాడని, పాపం.
నోట్సులో రాసుకుంటాను: రెండు.
పక్కనే పెన్సిల్‌తో: నాలుగు.

ఎడం కాలికి ఇనప చట్రం, కుడి చంకలో కర్ర,
తుని సొసైటీ ఆఫీసులో ఇరవయ్యారేళ్ళు
ఎరువుల బస్తాల లెక్క రాసిన చెయ్యి.
నా లెక్క తప్పదు.
ఊళ్ళే నాకు దొంగలెక్క చెబుతాయి.

సంపూర్ణ మంచమ్మీద బోర్లా పడుకుని
గదుల ఫొటోలు పెద్దవి చేసి చూస్తోంది.
పూలకుండీలుంటాయి, హంసల్లా మడిచిన తువ్వాళ్ళుంటాయి,
బాత్రూం గడప ఎత్తు మాత్రం
ఏ ఫొటోలోనూ పడదు.
"ఇదిగో, ఇక్కడేదో నీడలా ఉంది, గడపేనంటావా?"
ఒక నీడ మీద ఇద్దరం పావుగంట వాదించుకున్నాం.

రత్నాచల్ ఏ ప్లాట్‌ఫారమ్ మీద ఆగుతుందో
ఆగేదాకా చెప్పలేమన్నారు.
లిఫ్టు ఉందట. పనిచేస్తుందా అంటే
"ఉందండీ" అని మళ్ళీ అదే మాట.
కొండ మీద అమ్మవారి దగ్గరికీ లిఫ్టుందట,
లిఫ్టు దాకా ఎంత నడవాలో చెప్పినవాళ్ళు లేరు.
మొగల్రాజపురం గుహలు కొట్టేశాను.
ఉండవల్లి కొట్టేసి,
'కిందినుంచి చూడొచ్చు' అని రాసి,
మళ్ళీ కొట్టేశాను.
బీసెంట్ రోడ్డు ఉంచాను.
జనం ఒరుసుకుంటూ పోతారు, నిజమే,
అంత ఇరుకులో పడిపోడానికి చోటెక్కడిది?

"మేం పట్టుకుంటాం కదా" అంటారు, ఎవర్నడిగినా.
మనిషి చెయ్యి ఫోనొస్తే వదిలేస్తుంది.
గోడకున్న కమ్మీకి ఫోన్లు రావు.
"పక్కనేనండీ, రెండడుగులు" అనే ఇంకో రకం ఉన్నారు,
వాళ్ళ రెండడుగుల్లో
నా పొద్దుటి ఓపికంతా చెల్లిపోతుంది.

సంపూర్ణ ఎవర్నో అడిగి ఒక నంబరు పట్టుకొచ్చింది.
నాగుల్ మీరా, ఆటో, వన్‌టౌను.
హలో అన్నాక అతనడిగిన మొదటి మాట,
"ఏ కాలమ్మా?"

యాభై రెండేళ్ళొచ్చాయి నాకు.
ఎలా జరిగిందని అడిగారు, ఎప్పుడు జరిగిందని అడిగారు,
పెళ్ళయిందా అని కూడా అడిగారు.

ఎడమ, అన్నాను.
"అయితే కర్ర కుడిపక్కుంటది.
కమ్మీ ఎడంపక్కున్న గుమ్మాలే చూడాల."

మర్నాడు మధ్యాహ్నం, ఎండ గొంతులో వినబడుతూ,
"మీరు చెప్పిన లాడ్జీకి మెట్లు అయిదమ్మా.
పక్క సందులో ఇంకోటుంది, వెనకాల
పాలక్యాన్లు దొర్లించే వాలు ఉంది.
నేనెక్కి చూశా. జారదు."
మంచిదే. పాలతో పాటు నేనూ వెళ్తాను.

మరి బ్యారేజీ? అన్నాను, కాస్త సిగ్గుపడుతూ.
అసలు ఊరంతా వదిలేసినా
వరదనీళ్ళు చూడాలని ఉంది నాకు.
"దాని మీద ఆపనివ్వరు.
మెల్లగా పోనిస్తా. సీతానగరం దాకా పోయి
తిప్పుకొచ్చి ఇంకోసారి.
గేట్లెత్తుంటే తుంపర మొహమ్మీద పడుద్ది."

ఆదివారం సాయంత్రం అన్నచోట
చాలా రోజులుగా ఖాళీగా ఉంది.
డెబ్భై, అని రాశాను.
గేట్లు. ఎక్కక్కర్లేదు,
వరసగా లెక్కపెట్టుకుంటూ పోతే చాలు.

సంపూర్ణ కర్ర కొసకి కొత్త రబ్బరు తొడుగుతుంటే
ఫోన్ మోగింది.
మొదటి లాడ్జి కుర్రాడు, ఆయాసపడుతూ.
"మేడమ్, కిందికెళ్ళి లెక్కపెట్టానండీ.
విరిగిందాంతో కలిపి ఆరు."

మేం దిగేది అక్కడ కాదు.
అయినా పెన్సిల్ నాలుగు చెరిపి
పెన్నుతో రాశాను.
ఆరు.