సగం సీసా నీళ్లు

రాస్ అల్ ఖైమా ఇసుకల మూడొద్దుల పాటల జాతర.
స్నానాల డబ్బాలు తోముడు నా డ్యూటీ.
తెల్లారకముందే లైను,
నెత్తినిండ ఇసుక, భుజాన తువ్వాల.
ట్యాంకరింక రాలే.

బ్యాడ్జీ చదివి ఒక పిల్ల
"రాజలింగం గారూ, ఎలాగండీ?" అన్నది.
గారు!

సగం సీసా చాలు బిడ్డా.
బట్ట తడుపు. ముందు మొఖం, మెడ,
చంకలు. కాళ్లు ఆఖరుకు.
వేళ్ల సందులు మరువకు,
ఇసుక ఆడ్నే కాపురం పెడ్తది.

ఎక్కడ నేర్చుకున్నారని అడిగింది.
పదహారు మందిమి, ఒక్క నల్లా, నాలుగేండ్లు...
చెప్పలే. నవ్విన.

నడిరాత్రి డ్రమ్ములు కొడ్తుంటే
మళ్ల వచ్చింది,
సగం మిగిలిన సీసా చేతుల పెట్టింది.
డబ్బా ఎనుక కూసోని కాళ్లు కడుక్కున్న.
తడి ఆరకముందే
బొటనవేలు, నన్నడగకుండ,
దరువేసింది.